ఆటయు, మాటయు

మైదానమున సాగుచున్న ఆటను సాగుచుండగనే మాటలలో పెట్టి దూరస్థులకు వినిపించుట ఒక విద్య. దానిని రన్నింగ్ కామెంటరీ అందురు. మన పత్రికలు ప్రత్యక్ష వ్యాఖ్యానమని వ్రాయుచున్నవి. ఈ విద్య తెలుగుభాషలోనికి వచ్చినందులకు మిక్కిలి సంతోషించినవారిలో మేమొకరము. వచ్చిన తీరును చూచి చింతించువారిలోను మేమొకరము. ఆ చింతయే ఈ వ్యాసమునకు హేతువు.

సంఘపు సంచికలో తిక్కన సోమయాజిని గూర్చియో, త్యాగరాజస్వామిని గూర్చియో వ్రాయక బంతియాట మాటలను గూర్చి వ్రాయుట యేమని పెద్దలు కొందరు ఆక్షేపింపవచ్చును. ఆంధ్రదేశమునకు వెలుపల పెరుగుచున్న మన పిల్లల చెవులను నేడు తిక్కన యెన్ని గడియలు చేరుచున్నాడు, ఆట వ్యాఖ్యానము ఎన్ని గడియలు చేరుచున్నది అని లెక్క చూచుకొన్నచో ఈ ఆక్షేపణ నిలువదు.

ఈ విద్య యెవరికొఱకు పుట్టినదో మొదట స్మరింతము. 1921 ఏప్రిల్ 11వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున కేడీకేఏ అను రేడియో కేంద్రము ఒక ముష్టియుద్ధమును వినిపించినది. 1927 జనవరి 15వ తేదీన ట్వికెన్‌హామ్ మైదానమున ఇంగ్లండు, వేల్సు జట్లు ఆడిన రగ్బీ పోటీని బీబీసీ తరఫున టెడ్డీ వేక్లాం అను నాయన చెప్పెను. ఆ దేశమున ఇట్టి వ్యాఖ్యానమునకు అదియే ఆరంభము. ఆనాడు ఆయన యెదుట ఒక అంధుని కూర్చుండబెట్టిరి. ఆ ఒక్కనికి చెప్పుచున్నట్లు చెప్పిన చాలును, ఇంటింట విను లక్షలమందికి చెప్పినట్లే యగునని వారి యెత్తుగడ. ఆ నెలలోనే ఫుట్‌బాలు పోటీ ప్రసారమైనప్పుడు, మైదానమును గళ్ళుగా విభజించి అంకెలు వేసిన పటమును పత్రికలో ముందుగా అచ్చువేసిరి. బంతి యే గడిలో నున్నదో ఒకరు అంకె చెప్పుచుండగా శ్రోత ఇంట కూర్చుండి పటముపై వ్రేలు జరుపుకొనుచుండెను. చూడలేని వానికి చూపుట కొఱకు ఎంత శ్రమపడిరో గమనింపుడు.

మన దేశమున 1934లో బొంబాయి క్వాడ్రాంగులర్ పోటీలనుండి ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ అను పారసీ పెద్దమనిషి ఈ విద్యకు నాంది పలికెను. దినమంతయు ఆయన యొక్కడే మాట్లాడెడివాడు. మైకును ఇతరులతో పంచుకొనవలసిన కాలము రాగా, 1948–49లో వెస్టిండీసు జట్టు వచ్చినప్పుడు, ఆ పనినే మానుకొనెను. ఆయన పట్టుదలను మేము మెచ్చుట లేదు. కాని మైకు ముందు ముగ్గురు నలుగురు చేరి యొకరి మాట నొకరు త్రొక్కుకొనుచున్న నేటి స్థితిని చూచినప్పుడు, ఆయన మొండితనములో కొంత అర్థమున్నదని తోచును.

ఈ ప్రస్తావనలో సంజయుని పేరు చెప్పని వక్త యుండడు. కన్నులు లేని ధృతరాష్ట్రునకు కురుక్షేత్రమును కన్నులకు కట్టించిన సంజయుడే తొలి వ్యాఖ్యాత యని సభలలో చెప్పుదురు. భారతమును తెఱచి చూచిన, సంజయుడు పదవనాడు భీష్ముడు పడిన పిమ్మట హస్తినకు వచ్చి, జరిగినదానిని వెనుకనుండి చెప్పనారంభించెను. కనుక ఆయనది ప్రత్యక్ష వ్యాఖ్యానమనుటకంటె ప్రత్యక్షసాక్షి కథనమనుట న్యాయము. మన విద్యకు నిజమైన మూలపురుషుని కోరినచో విరాటపర్వమున గోగ్రహణ ఘట్టమును చూడవలయును. రథముపై బెదరియున్న ఉత్తరునకు అర్జునుడు కౌరవవీరులను టెక్కెముల గుఱుతులనుబట్టి ఒక్కొక్కరిని చూపించి, ఈతడు ద్రోణుడు, ఈతడు అశ్వత్థామ, ఈతడు కర్ణుడు అని చెప్పును. తిక్కనగారి పద్యములలో ఎవరు ఎక్కడ నున్నారో, ఎట్లు గుర్తింపవలయునో స్పష్టముగా నుండును. వ్యాఖ్యాత మొదటి ధర్మమదియే. ఆడువాడెవడు, వేయువాడెవడు, బంతి యెక్కడికి పోయినది, ఏమైనది, లెక్క యెంత అను నీ యైదు ప్రశ్నలకు బదులు చెప్పిన తరువాతనే హాస్యమైనను, అలంకారమైనను.

మన తెలుగువారికి ఆటతో సంబంధము క్రొత్తది కాదు. 1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడైన సి.కె. నాయుడుగారిది నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబము. 1936లో ఇంగ్లండునకు నాయకుడై వెళ్ళినవాడు విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు. ఆయన కాశిలో నివసించెను. ఇరువురును మనవలె ఆంధ్రమునకు వెలుపల బ్రదికినవారే యగుట ఈ సంచికలో చెప్పుకొనదగిన విశేషము. అందు రెండవవాడు అటుపిమ్మట రేడియో వ్యాఖ్యాతయై, 1959లో భారత జట్టు ఇంగ్లండులో ఆడినప్పుడు బీబీసీలో అతిథిగా మాట్లాడెను. కాని మాట్లాడినది ఆంగ్లమున. ఆటలో తెలుగువాడుండెను, మైకు ముందును తెలుగువాడుండెను. తెలుగుమాట మాత్రము మా చెవిని పడలేదు.

మేము చెన్నపట్టణమున పుట్టి పెరిగినవారము. మా బాల్యమున రేడియోలో ఆట వ్యాఖ్యానమనగా ఆంగ్లము, హిందీ. ఒక భాష కొంతసేపు, రెండవ భాష కొంతసేపు. 1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో మన హాకీ జట్టు పాకిస్తానును 2–1 గోళ్ళతో గెలిచి ప్రపంచ కప్పును తెచ్చిననాడు జస్‌దేవ్ సింగ్ హిందీ మాటలు మాకు సగమే అర్థమయినవి. అయినను బంతి యెవరి కర్రనుండి యెవరి కర్రకు పోయినదో తెలిసినది. ఆపైని తమిళమున అబ్దుల్ జబ్బార్ వంటివారు చెప్పుచుండగా మా వీధిలోని తమిళులు, తెలుగువారు కలిసి వినెడివారము. వంగదేశీయులకు అజయ్ బసు, కమల్ భట్టాచార్య ఉండిరి. మహారాష్ట్రులకు బాళ్ పండిత్ ఉండెను. ఇరుగుపొరుగువారు తమ భాషలో ఆట వినుచుండగా మనకెన్నడని మేమును, మా మిత్రులును అనుకొనని దినము లేదు.

1986 సెప్టెంబరు 22వ తేదీ సోమవారము. చేపాకు మైదానమున ఆస్ట్రేలియాతో టెస్టు చివరిదినము. గెలుపునకు మనకు 348 పరుగులు కావలసియుండగా 347కు జట్టంతయు ఔటై, ఆట సమమైనది. టెస్టు చరిత్రలో అట్టిది అంతకుముందు 1960లో బ్రిస్బేనున ఒక్కమారే జరిగెను. ఆనాడు మేము పనిచేయు కార్యాలయమున ఒక్క ట్రాన్సిస్టరు చుట్టు పదునేడుగురము గుమాస్తాలము నిలిచియుంటిమి. దస్త్రములు బల్లలమీదనే యున్నవి. పై అధికారి వచ్చి కోపగింపబోయి, తానును నిలిచిపోయెను. మైదానము రెండు మైళ్ళ దూరమున నున్నది, మేమెవ్వరము చూడలేదు. అయినను చివరి ఓవరులో ప్రతి బంతికిని ఎన్ని పరుగులు కావలయునో, ఎవరు ఎదుర్కొనుచున్నారో తెలియనివాడు మాలో ఒక్కడును లేడు. మాట చేయగల పని యది.

ఇక నేటి కథ. 2018లో ఐపీఎల్ పోటీలు టెలివిజనులో తెలుగుతో కూడ ఆరు భాషలలో వినవచ్చినవి. 2023లో అంతర్జాలమార్గమున పండ్రెండు భాషలలో ప్రసారమైనవి. తెలుగు, తమిళము, కన్నడము, మరాఠీ, ఒడియా అన్నియు అందుండెను. మేము ఎదురుచూచినది ఇదియే. మా యింట పండుగ చేసికొంటిమి. మొదటి పోటీ ముగియునప్పటికి పండుగ సగమైనది.

మా వీధిలో మాకంటె నాలుగేండ్లు పెద్దవారైన మిత్రులొకరున్నారు. అచ్చాఫీసులో అక్షరములు కూర్చి జీవితము గడిపినవారు. నీటికాసుల వ్యాధివలన రెండు కన్నులును పోయినవి. తెలుగులో ఆట చెప్పుదురని మేమే వారిని మా యింటికి తీసికొనివచ్చి కుర్చీలో కూర్చుండబెట్టితిమి. చివరి ఓవరు వచ్చినది. ఒక వ్యాఖ్యాత యొక సినిమా కథానాయకుని సంభాషణను అనుకరించెను. రెండవవాడు పకపక నవ్వెను. మూడవవాడు ఊచకోత, ఊచకోత అని అరచెను. బంతి గాలిలోనికి లేచినట్లు వారి కేకలవలన తెలిసినది. మా మిత్రులు మా చేయి పట్టుకొని, “ఏమయ్యా, ఔటా, సిక్సా?” అని యడిగిరి. మేము చెప్పులోపల ఆ ముగ్గురిలో ఒక్కడైనను చెప్పలేదు. ఎదురింటి పిల్లల చప్పట్లు వినబడగా మా మిత్రులు, “సిక్సే అయియుండును” అని తామే తేల్చుకొనిరి. పిదప కొంతసేపటికి, “లెక్క యెంతయ్యా?” అనిరి. ఆ ఓవరంతయు లెక్క యెవరును చెప్పనేలేదు. తెరమీద అంకెలున్నవి కదా!

1927లో తొలి వ్యాఖ్యాత యెదుట నొక అంధుని కూర్చుండబెట్టిరి. నేటి మన వ్యాఖ్యాతల యెదుట నిలువెత్తు తెరయున్నది, అంధుడు లేడు. దోషమంతయు ఇందే యున్నదని మా అభిప్రాయము.

దీనికి సమాధానములు మూడు వినబడుచున్నవి.

మొదటిది: ఇది రేడియో కాదు, టెలివిజను, చూచువారికి బంతి యెక్కడికి పోయినదో చెప్పవలసిన పనిలేదు. సరియే. అట్లయినచో చూచువారికి ఏమి చెప్పవలయును? పటమునకు తోడుగా చెప్పదగినది యున్నప్పుడే నోరు తెఱువవలయునని, లేనప్పుడు మౌనము మేలని రిచీ బెనో వంటి ఉద్దండుడు ఆచరించి చూపెను. మనవారు పటమున్నదని ఆటను చెప్పుట మానిరి. పటమున్నదని మౌనము మాత్రము వహింపరు. రేడియో ధర్మమును విడిచిరి, టెలివిజను ధర్మమును పట్టుకొనలేదు. కేవల మౌనమే మంచిదని మేము వాదించుట లేదు. 1980 డిసెంబరు 20వ తేదీన అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ ఒక ఫుట్‌బాలు పోటీని వ్యాఖ్యాతలే లేకుండ ప్రసారము చేసి చూచినది. అది వాడుకగా నిలువలేదు. మనుష్యుని మాట కావలసినదే. అది పనికివచ్చు మాటగా నుండవలయును.

రెండవది: నచ్చనివారు శబ్దమును ఆపుకొనవచ్చును. కన్నులున్నవాడు శబ్దమాపిన ఆట మిగులును. మా మిత్రులు శబ్దమాపిన ఏమి మిగులును? వైకల్యముగలవారి హక్కులను గూర్చి 2016లో వచ్చిన చట్టము దృశ్యప్రసారములలో శ్రవ్యవర్ణన యుండునట్లు చూడవలయునని చెప్పుచున్నది. చట్టమువరకు పోనక్కర లేదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటను రేడియోలో చెప్పిన రెడ్ బార్బర్ అనునతడు గ్రుడ్డు ఉడుకు కాలమును కొలుచు మూడు నిమిషముల యిసుక గడియారమును ఎదుట పెట్టుకొనెడివాడట. ఇసుక జారిపోయినపుడెల్ల లెక్క చెప్పి దానిని తిరుగవేసెడివాడు. ఆ గడియారము వెల యెంత? మన ప్రసారశాలలో నొక్కటి పెట్టుటకు ఏ బడ్జెటు అడ్డువచ్చును?

మూడవది, మాకు మిక్కిలి కోపము తెప్పించునది: ఆట వినోదము, దానికి భాషాశుద్ధి యెందులకు? ఆ మాట అనువారు హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చుండి యందురు. అచటి బాలునకు బడిలో తెలుగున్నది, బస్సు ముఖమున తెలుగున్నది, అంగడి పలకపై తెలుగున్నది. వెలుపల నున్న మా మాటేమి? తమిళనాడులో 2006 నాటి చట్టముననుసరించి తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా అనివార్య పాఠ్యభాషయై 2016 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుటకు మాకు అభ్యంతరము లేదు. మేము చక్కగా నేర్చితిమి, దానివలన బ్రదికితిమి. కాని తెలుగు బడిలో చోటు కోల్పోయిన పిల్లవానికి మిగిలినది వంటింటి తెలుగు. అన్నము పెట్టు, నీళ్ళు తే, పడుకో అను మాటలు దానిలో నున్నవి. వేగము, వాలు, వంపు, అంచు, తొందరపాటు, ఊహ, సందేహము, తృటిలో తప్పిన గండము — వీనికి మాటలు వంటింట దొరకవు, ఆట వ్యాఖ్యానములో దొరకవలయును. షోలాపురమున నేతగాని యింట, బరంపురమున అంగడివాని యింట, బెంగుళూరున, హోసూరున, యానామున — ఎవరి బలవంతమును లేక మూడు గంటలసేపు పిల్లవాడు తనంతట తాను తెలుగు వినుట మరి యెక్కడ జరుగుచున్నది?

దీనికి మాకు నిదర్శనమున్నది. మా మనుమడు బడిలో తమిళము, ఆంగ్లము చదువుకొనుచున్నాడు. ఒకనాటి సాయంకాలము మేడమీద నుండగా సన్నని చినుకులు రాలినవి. వాడు చేయి చాచి, “తాతా, తుంపర!” అనెను. మేము ఆ మాట వానికి నేర్పలేదు. వాని తల్లియు నేర్పలేదు. ఎక్కడ నేర్చితివిరా యని యడుగగా, “మ్యాచ్‌లో చెప్పినారు తాతా. తుంపర పడతా ఉంది, కవర్లు తెస్తా ఉన్నారు అని” అనెను. ఎవరో ఒక వ్యాఖ్యాత, పేరు మాకు తెలియదు, ఒక్క మంచి మాటను సరియైన చోట పలికెను. అది చెన్నపట్టణమున నొక బాలుని నోట నిలిచినది. ఒక్క మాటకే ఇంత ఫలమున్నప్పుడు, మూడు గంటల మాటలు ఏమి చేయవచ్చును! ఏమి చేయకుండ పోవుచున్నవి!

మేము కోరునది పండితభాష కాదని స్పష్టముగా చెప్పుచున్నాము. వికెట్టును, ఓవరును, బౌండరీని ఎవరును అనువదింపనక్కర లేదు. అవి మన మాటలైనవి. వికెట్ కీపరును ద్వారరక్షకుడనువానిని చూచి మేమే మొదట నవ్వుదుము. కాని నేడు వినబడునది యెట్లున్నది? “బాల్‌ని పుల్ చేయడానికి ట్రై చేశాడు, బట్ టైమింగ్ మిస్ అయింది.” ఇందు తెలుగన్నది క్రియల తోకలలో మాత్రమే యున్నది. “పొట్టి బంతి. లాగి కొట్టబోయాడు. అంచు తగిలి కీపరు తలమీదుగా పోయింది.” ఇది పండితభాషయా? మా వీధిలో కూరగాయలమ్ము అవ్వకు కూడ తెలియును. అంతియేకాదు, మొదటి వాక్యమువలన బంతి యేమైనదో తెలియలేదు, రెండవదానివలన తెలిసినది. మంచి తెలుగు చెప్పినప్పుడు ఆటయు బాగుగా చెప్పబడును. ఇవి రెండు వేర్వేరు పనులు కావు. మన కబడ్డీలో కూత యున్నది. పల్లెలలో గోటీబిళ్ళ ఆడినప్పుడు ప్రతి దెబ్బకు పేరున్నది. ఆటకు మాటలు లేని జాతి కాదు మనది.

అందరిని ఒక్క గాటకట్టుట న్యాయము కాదు. వ్యాఖ్యాతలలో కొందరు, అందు ముఖ్యముగా స్వయముగా ఆడినవారు, బంతి కుట్టును వ్రేళ్ళతో ఎట్లు పట్టిన ఎటు తిరుగునో, నాయకుడు ఒక మనిషిని నాలుగడుగులు జరుపుటలో ఆంతర్యమేమో చెప్పునపుడు మేము చెవియొగ్గి వినుచున్నాము. లోపము వారి జ్ఞానములో లేదు. ఆడిన చేతికి మైకునిచ్చి, మాట నేర్పకుండ విడిచిన సంస్థలలో నున్నది. బంతి వేయుట నేర్చుటకు పది యేండ్లు పట్టునని వారికి తెలియును. మాట చెప్పుట పుట్టుకతో వచ్చునని యెట్లు నమ్మిరో తెలియదు.

మాట యెంత విలువైనదో తెలుపుట కొక్క ఉదాహరణము చాలును. 1983 జూన్ 18వ తేదీన టన్‌బ్రిడ్జ్ వెల్సున జింబాబ్వేతో ఆడిన పోటీలో మన జట్టు 17 పరుగులకు అయిదు వికెట్లు పోగొట్టుకొన్న స్థితిలో కపిల్‌దేవ్ 175 పరుగులు చేసి ఔటుకాక నిలిచెను. మనవారు 31 పరుగులతో గెలిచిరి. ఆ తరువాత వారమే ప్రపంచ కప్పు మనకు వచ్చినది. ఆ యాటకు చలనచిత్రము లేదు. లెక్కల పట్టిక, కొన్ని ఛాయాచిత్రములు, చూచినవారి మాటలు మిగిలినవి. ఆ మాటలవలననే ఆ యాట నేటికిని బ్రదికియున్నది. తెర యున్నదని మాటను చులకన చేయువారు దీనిని తలపోయవలయును.

ఇక కర్తవ్యము. ప్రసారసంస్థలకు మేము చెప్పునది కొద్దియే. ప్రతి ఓవరు చివరను, వికెట్టు పడినపుడెల్లను లెక్క చెప్పుడు. బంతి గమ్యమును చేరువరకు హాస్యమును ఆపుడు. ఒకేసారి ఇరువురకు మించి మాట్లాడకుడు. ఆటగాని ప్రక్కన భాష తెలిసిన ఒకరిని కూర్చుండబెట్టుడు. మన సంఘములవారికిని ఒక మాట. ఇన్నేండ్లుగా మనము ఈ విషయమును చిన్నచూపు చూచితిమి. మేమును అందులో భాగస్వాములమే. తెలుగులో వచ్చినది కదా, అంతే చాలునని రెండేండ్లు ఊరకుంటిమి. ఇకమీదట ప్రతి సంఘమును ఉత్తరములు వ్రాయవలయును. అంతటితో ఆగక, సంక్రాంతికిని ఉగాదికిని మనము జరుపు పిల్లల ఆటలపోటీలలో మైకును ఒక బాలునికో బాలికకో ఇచ్చి, ఆటను తెలుగులో చెప్పించి, బాగుగా చెప్పినవారికి బహుమానమీయవలయును. పద్యపఠనమునకు బహుమానములిచ్చుచున్నాము, దీనికి ఈయకుండుటకు కారణము కనబడదు.

ఆ పోటీకి న్యాయనిర్ణేతను మేము ఇప్పుడే సూచించుచున్నాము. మా మిత్రులను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. ఆట ముగిసిన పిదప ఏమి జరిగినదో వారిని అడుగుడు. వారు తప్పులేక చెప్పగలిగినచో, ఆ బిడ్డకు బహుమానమీయుడు.